హన్మకొండ పీవీని కాదన్న రోజు

1984 డిసెంబరు నెలాఖరు. దేశమంతా ఓట్లు లెక్కిస్తున్నారు. రేడియోలో ఏ వార్తలు విన్నా కాంగ్రెస్ ప్రభంజనమే. ఇందిరాగాంధీ హత్య జరిగి అప్పటికి రెండు నెలలే. ఆ దుఃఖం ఓటుగా మారి వాజ్‌పేయి అంతటివాడిని గ్వాలియర్‌లో ఓడించింది. హన్మకొండ లోక్‌సభ స్థానం లెక్కింపు బల్లల మీద మాత్రం కమలం కట్టలు చేతి గుర్తు కట్టలను దాటి పెరుగుతున్నాయి.

అప్పట్లో మీట నొక్కితే అంకె వచ్చే యంత్రాలు లేవు. పెట్టె సీలు విప్పాలి, చీటీలు కుమ్మరించాలి, ఒక్కొక్కటీ మడత విప్పి స్వస్తిక్ ముద్ర ఏ గుర్తు మీద పడిందో చూడాలి. సిరా ఆరకముందే మడిచిన చీటీలో ముద్ర అవతలి గుర్తుకూ అంటుకుంటుంది. అది ఎవరి ఓటో తేలేదాకా ఏజెంట్ల వాదులాట తప్పదు. గుర్తుల వారీగా కట్టలు కట్టి, రౌండు రౌండుకూ అంకెలు కూడాలి. గెలుపోటములు కళ్లెదుటే, చాలా నెమ్మదిగా తేలే కాలమది.

అక్కడ వెనకబడుతున్నది సామాన్యుడు కాదు. పాములపర్తి వెంకట నరసింహారావు. పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లి, పెరిగింది వంగర. మంథని నుంచి ఎమ్మెల్యే, రాష్ట్రానికి ముఖ్యమంత్రి, తర్వాత కేంద్రంలో విదేశాంగ మంత్రి, హోం మంత్రి. 1977లోనూ 1980లోనూ హన్మకొండే ఆయనను లోక్‌సభకు పంపింది. ఎదుట నిలబడింది పరకాల వాస్తవ్యుడు చందుపట్ల జంగారెడ్డి. 1967లో జనసంఘ్ తరఫున పరకాల ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి. పీవీకి ఢిల్లీ తెలుసు, భాషలు తెలుసు, ప్రపంచం తెలుసు. జంగారెడ్డికి ఇక్కడి ఊళ్లు తెలుసు.

ఆఖరి కట్ట లెక్క పూర్తయింది. జంగారెడ్డికి 2,63,762 ఓట్లు, పీవీకి 2,09,564. తేడా 54,198. ఆ ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద భారతీయ జనతా పార్టీకి దక్కింది రెండే సీట్లు. ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది మన హన్మకొండ.

ఎందుకిలా జరిగింది? నాలుగు నెలలు వెనక్కి వెళ్లాలి. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. గుండెకు ఆపరేషన్ చేయించుకుని అప్పుడే అమెరికా నుంచి తిరిగొచ్చిన ఎన్టీఆర్ మళ్లీ జనంలోకి వచ్చి నిలబడ్డారు. రాష్ట్రం అట్టుడికింది. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఢిల్లీ దిగివచ్చింది, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెలరోజులూ కేంద్ర హోం మంత్రి కుర్చీలో ఉన్నది పీవీయే. ఆ తొలగింపులో ఆయన పాత్ర ఎంత అన్నది వేరే చర్చ. ఓటరు మాత్రం కుర్చీని చూశాడు. తెలుగుదేశం ఈ స్థానాన్ని మిత్రపక్షానికి వదిలేసింది. దాంతో సైకిల్‌కు పడాల్సిన ఓట్లు కమలానికి పడ్డాయి. ఇది పీవీ మీద ద్వేషమని నేననుకోను. ఢిల్లీ మీది కోపాన్ని చూపడానికి ఢిల్లీలో ఉన్న మనవాడే దొరికాడు.

ఓరుగల్లు ఎదురీత అప్పుడే మొదలైందా అంటే, కానే కాదు. 1952లో దేశమంతా నెహ్రూ వెంట నడిస్తే వరంగల్ ప్రజాస్వామ్య కూటమి అభ్యర్థి పెండ్యాల రాఘవరావును గెలిపించింది. తెలంగాణ సాయుధ పోరాటపు వేడి ఇంకా చల్లారని రోజులవి. ఆ ఎన్నికలో ఓడినవారిలో కవి కాళోజీ కూడా ఉన్నారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1971లో ఇందిర ‘గరీబీ హఠావో’ గాలి వీస్తే ఇక్కడ తెలంగాణ ప్రజాసమితి అభ్యర్థి ఎస్.బి. గిరి గెలిచారు. 1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ కొట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో మాత్రం ఆ పార్టీకి 41 వచ్చాయి, వాటిలో ఒకటి హన్మకొండలో పీవీ గెలిచినది. దేశం కాంగ్రెస్‌ను వద్దన్నప్పుడు ఆయనను ఎన్నుకున్న ఓటరే దేశం కావాలన్నప్పుడు కాదన్నాడు. అలాగని ప్రతిసారీ ఎదురు నడిచిందనీ కాదు, 1980లో గాలితోనే నడిచింది. కానీ తన కడుపుమంట ఒకటి ఉన్నప్పుడు ఈ నేల దేశం ఏమంటుందోనని ఆగలేదు.

పీవీ రాజకీయ జీవితం ఆ ఓటమితో ఆగలేదు. అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి కూడా పోటీ చేసి గెలిచారు, రాజీవ్ మంత్రివర్గంలో రక్షణ మంత్రి అయ్యారు. 1991లో ప్రధాని పీఠమెక్కాక ఆయన వెళ్లింది నంద్యాలకు. హన్మకొండ నుంచి మళ్లీ పోటీ చేయలేదు. దేశ ఆర్థిక గతిని మార్చిన తెలుగు ప్రధాని ఆ పదవిలో ఉండగా సొంత నేల నుంచి పార్లమెంటులో కూర్చోలేకపోవడం నాకు ఇప్పటికీ వెలితిగానే అనిపిస్తుంది. అలాగే, అంత పెద్ద మనిషిని కూడా లెక్క అడగగలిగిన ఓటరును చూస్తే గౌరవమూ కలుగుతుంది.

2009 ఎన్నికల నాటికి పునర్విభజనలో హన్మకొండ లోక్‌సభ స్థానమే రద్దయింది. వరంగల్ ఎస్సీలకు రిజర్వయింది. నియోజకవర్గాల మధ్య ముప్పై ఏళ్లు స్తంభించిన గీతలు ఒక్కసారిగా మారాయి. గీత మారితే ఓట్ల చరిత్ర కూడా చెదిరిపోతుంది. అయినా ఓటరు తీర్పు మార్చడం మానలేదు: 2015 ఉప ఎన్నికలో టీఆర్ఎస్ అభ్యర్థి పసునూరి దయాకర్‌కు నాలుగున్నర లక్షలు దాటిన మెజారిటీ ఇచ్చిన వరంగల్, 2024లో కాంగ్రెస్ అభ్యర్థి కడియం కావ్యను రెండు లక్షల పైచిలుకు ఆధిక్యంతో గెలిపించింది.

జంగారెడ్డి 2022 ఫిబ్రవరిలో కన్నుమూశారు. పీవీ 2004లోనే వెళ్లిపోయారు. ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఎన్నికల సంఘం పుస్తకాల్లో ఉంది, ఎందుకు పడ్డాయో అప్పుడు ఓటేసినవాళ్లే చెప్పాలి. పరకాలలో, శాయంపేటలో, హన్మకొండ వాడల్లో ఆనాడు ఏజెంట్లుగా కూర్చున్నవాళ్లు, కట్టలు లెక్కపెట్టిన టీచర్లు, గుమాస్తాలు మీ ఇళ్లలోనే ఉండొచ్చు. వాళ్లకిప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చోండి, ఆ మాటలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి.