శ్రీశైలానికి పడమటి వాకిలి నుంచి ఉత్తరపు వాకిలి దాకా

శ్రీశైల క్షేత్రానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. కిందటి ఆశ్వయుజ మాసంలో, వానలు వెనకబట్టి నల్లమల పచ్చగా ఉన్న రోజుల్లో, మన సంఘ సభ్యులం పదకొండు మందిమి హైదరాబాదులో ఒక వ్యాను మాట్లాడుకొని పడమటి వాకిట ప్రవేశించి, మూడో రోజున ఉత్తరపు వాకిట బయటపడ్డాము. ఆ యాత్రా విశేషాలు మీ ముందుంచుతున్నాను.

మొదటి మజిలీ తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపురం. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు ఇక్కడి విశేషం. పేరు బ్రహ్మది గాని లోపల కొలువై ఉన్నది శివలింగాలే. శిఖరాలు ఉత్తరాది రేఖానాగర పద్ధతిలో ఉంటాయి. తారకబ్రహ్మ ఆలయం ఒక్కటే దక్షిణాది తీరు. జోగులాంబ అమ్మవారి ఆలయాన్ని 2005లో పునర్నిర్మించారు.

అదే ఊళ్ళో కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. అది మొదట కట్టింది ఇక్కడ కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయికీ అంకె వేసి, విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఆ పనితనం చూసి అందరం మెచ్చుకొంటూ ఉంటే మాలో ఒక మిత్రుడు గోడ మీద చెయ్యి వేసి, "మా ఇంటికి కూడా అంకె వేశారండీ. కానీ మళ్ళీ కట్టడానికి కాదు" అన్నారు.

ఆయనది కృష్ణ ఒడ్డున మునిగిన ఊరు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు ముంపుకు గురయ్యాయి. 1981లో చాలా ఊళ్ళను ఖాళీ చేయించారు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిచ్చేందుకు 1986లో జీవో 98 వచ్చింది. ఆ మిత్రుడు దాని కిందనే కొలువులో చేరి, పదవీ విరమణ చేసి, మన సంఘంలో సభ్యులయ్యారు. ఎదురుచూపులతోనే వయసు దాటిపోయినవారు ఎందరో.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో నేను ఒక కార్యాలయంలో చిన్న గుమాస్తాను. ముంపు ఇళ్ళ జాబితాలకు శుభ్రప్రతులు రాశాను. మట్టి గోడ, పెంకుటిల్లు, బావి ఒకటి, వేపచెట్లు రెండు – అన్నిటికీ గడులుండేవి. అది విని ఆ మిత్రుడు, "మా రచ్చబండను ఏ గడిలో రాశారు సార్?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

కర్నూలు, ఆత్మకూరు మీదుగా దోర్నాల చేరి ఘాట్ ఎక్కాము. పులుల అభయారణ్యం గనుక రాత్రి తొమ్మిది దాటితే వాహనాలను వదలరు. శ్రీశైలంలో ప్రోలయ వేమారెడ్డి వేయించిన సోపానాలు, 1377లో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం, ప్రాకారం రాళ్ళ మీద ఏనుగులు, వేటగాళ్ళు, చెంచుల బొమ్మలు – చూడదగినవి చాలా ఉన్నాయి. చెంచులు మల్లన్నను తమ అల్లుడిగా భావిస్తారు.

సాయంత్రం పాతాళగంగకు దిగాము. మెట్లు నీళ్ళలోకి దిగిపోతాయి. జలాశయం నిండుగా, చుట్టూ కొండలతో కన్నులపండువగా ఉంది. ఆ మిత్రుడు పడమటి వైపు చూపించి, "ఈ నీళ్ళ వెంబడే పోతే మా ఊరు" అన్నారు. ఆ నీళ్ళు ఎన్నో పొలాలకు పారాయి, ఎన్నో ఇళ్ళకు దీపమయ్యాయి. అది కాదనలేము. ఆయనా కాదనలేదు. దోసిట నీళ్ళు తీసుకొని నెత్తిన చల్లుకొన్నారు.

తిరుగు ప్రయాణంలో మన్ననూరు దాటాక రోడ్డు పక్కన సీతాఫలాలు కొనుక్కొని, అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం దర్శించాము. పెద్ద కొండచరియ నీడన గుడి. నాలుగు వాకిళ్ళలో రెండు చూసిన తృప్తి కలిగింది.

రాజుల శాసనాలు రాతి మీద ఉన్నాయి. మునిగిన ఊళ్ళకు శాసనాలు లేవు. మన సభ్యుల్లో ఆ ఊళ్ళవారు ఇంకా ఉన్నారు. మీ ఊరి పేరు, వీధులు, జాతర, రచ్చబండ – గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి పంపండి. శుభ్రప్రతి నేను రాస్తాను. ఈసారి అన్నిటికీ గడి ఉంటుంది.