కొయ్యగరిటె: త్వక్తోబిలశబ్దార్థవిచారము

లోహపుగరిటె ప్రబలిన పిదపఁ గొయ్యగరిటె వంటయింటినుండి చాలవఱకుఁ దొలఁగిపోయినది. యజ్ఞశాలయందు మాత్ర మది నేఁటికిని నిలిచియున్నది. దర్శపూర్ణమాసాదులయందు నేతిని వేల్చుటకుఁ గొయ్యపాత్రలే విధింపఁబడినవి. స్రువము, జుహువు, ఉపభృత్తు, ధ్రువ యను వాని పేళ్లను విద్యార్థులు కంఠస్థము చేయుదురు. అవి యెట్లు చెక్కఁబడునో యెఱిఁగినవారు మాత్ర మరుదు. పదము తెలిసి వస్తువు తెలియనిచోఁ గొన్ని సూత్రముల యర్థమే మఱుఁగుపడును. అట్టి పద మొకదానిని విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట శబ్దములు. స్రుక్, స్రువ శబ్దములు రెండును ప్రవాహార్థకమగు స్రుధాతువునుండి పుట్టినవి. నేయి దేనినుండి జాఱునో యది స్రువము. హుధాతువునకు ద్విత్వము వచ్చి జుహూశబ్ద మేర్పడినది. హోమసమయమున జుహువు క్రింద భరింపఁబడునది యుపభృత్తు. వేదియందుఁ గదలక యుండునది ధ్రువ. వంటగరిటెకు దర్వియని పేరు. విదారణార్థకమగు దౄధాతువునుండియే దర్విని, దారువును గూడ నుణాదులు సాధించినవి. కాఁగా గరిటెయుఁ గొయ్యయు నొకేతల్లి బిడ్డలని వైయాకరణులకుఁ దోఁచినది. కొయ్య చీలఁబడునది, చీలిన కొయ్యనుండి గరిటె పుట్టును. అమరసింహుఁడు వైశ్యవర్గమున దర్వికిఁ జెప్పిన పర్యాయములలో దారుహస్తకమను నామము మిక్కిలి రమ్యము. నిప్పులపై నుడుకు దానిలోఁ బెట్టరాని చేతికి మాఱుగాఁ బెట్టు కొయ్యచేయి యది. తెలుఁగుదేశమునఁ గొన్నియెడల నన్నము వడ్డించు గరిటెను హస్తమనుట యీ భావమునే స్ఫురింపఁజేయుచున్నది. అమరుఁడు చెప్పిన తర్దూశబ్దమునకును తెలుఁగు తెడ్డునకును ధ్వనిసామ్యము కలదు గాని, ధ్వనిసామ్యమాత్రమున జన్యజనకభావము సిద్ధింపదు.

ఇంక వస్తువు. తెలుఁగునాఁట తైత్తిరీయశాఖవారిలోఁ బెక్కుర కాపస్తంబసూత్రము ప్రమాణము. దాని ననుసరించి స్రువమును చండ్రతోను, జుహువును మోదుగుతోను, ఉపభృత్తును రావితోను, ధ్రువను వికంకతముతోను జేయవలెను. ఈ వృక్షనియమమునకు మూలము తైత్తిరీయసంహితయందలి తృతీయకాండము. మోదుగుజుహువు గలవాని కపకీర్తి వినఁబడదని యచ్చటఁ జెప్పిన ఫలమును జైమిని యర్థవాదమని నాల్గవ యధ్యాయమున నిర్ణయించెను. స్రుక్కులు బాహుప్రమాణములు గాని యరత్నిప్రమాణములు గాని కావలెనని యాపస్తంబుఁడు చెప్పెను. అరత్ని యనఁగా 24 అంగుళములు. కాత్యాయనుఁడు స్రుక్కుల పుష్కర మఱచేతియంత యనియు, స్రువపుష్కరము బొటనవ్రేలి కణుపంత యనియు వివరించెను. నేయి జాఱు మొన హంసముఖమువలె నుండవలెననుట యిరువురికిని సమ్మతము.

ఇంతవఱకు సుగమమే. ఆపస్తంబుఁడు స్రుక్కులకు 'అగ్రాగ్రాః', 'త్వక్తోబిలాః' అను విశేషణములను గూడ నిచ్చెను. కాత్యాయనుఁడు 'త్వగ్బిలాః', 'మూలదండాః' అనెను. చెట్టు మొదటివైపు పిడియు, కొనవైపు మొనయు నుండవలెననుట యగ్రాగ్ర, మూలదండ శబ్దముల యర్థము. త్వగ్బిల యనఁగా నేమి? బెరడుతోఁ గూడిన గుంట యనుకొన్నచో నేతిపాత్రకు బెరడెందులకను శంక కలుగును. ఈ శంకను వ్యాకరణమే తీర్చుచున్నది. ఆద్యాదులకు విధింపఁబడిన తసిప్రత్యయము సర్వవిభక్త్యర్థములందు వచ్చును. కాఁబట్టి 'త్వక్తః' అనఁగా బెరడువైపున నని సప్తమ్యర్థము. బెరడువైపున బిలము గలది త్వక్తోబిల, ఇది వ్యధికరణబహువ్రీహి. త్వగ్బిలశబ్దమునకు నిదియే విగ్రహము. దుంగను నిలువునఁ జీల్చినచోఁ బ్రతిచెక్కకును బెరడువైపు, గుండెవైపు అని రెండు ముఖము లుండును. గుంటను బెరడువైపునఁ దీయవలెననియు, గుండెవైపు గరిటెకు వీఁపు గావలెననియు సూత్రతాత్పర్యము.

ఈ నియమ మేల కలిగినది? సూత్రకారుఁడు హేతువును జెప్పలేదు. వడ్రంగి పనియందు హేతువు కానవచ్చుచున్నది. పచ్చికొయ్య యాఱునపుడు వలయములవెంట నెంత ముడుచుకొనునో, గుండెనుండి బెరడువఱకు గల దిశయం దందులో సుమారు సగమే ముడుచుకొనును. అందువలన నట్టి చెక్క యంచులు బెరడువైపునకు లేచును. గుంట బెరడువైపున నున్నచో నాఱినకొలఁది దాని యంచులు పైకి లేచి నేతిని నిలుపును. గుండెవైపునఁ దీసినచో నంచులు విచ్చి గుంట చదునగును. మఱియు నడిగుండె పగుళ్లకుఁ దావు. బెరడువైపున గుంట తీయువాఁడు వీఁపును గుండ్రముగాఁ జెక్కునపుడే దానిని దొలఁగింపఁగలఁడు.

క్రొత్తగాఁ బనికిఁ గూర్చుండినవాఁడు చిన్నగరిటె నొకదానిని జెక్కినచో నీ విషయము చేతికే తెలియును. దుంగను ఱంపముతోఁ గోయక గొడ్డలితోఁ జీల్చవలెను. చీలిక పోఁగులవెంటఁ బోవును గనుకఁ బిడి విఱుగదు. బాడిసెతో స్థూలరూపము దీర్చి, బొగ్గుతో గరిటె గీఁత గీయవలెను. పిడి సన్నముచేయకమున్నే గుంట తీయుట మేలు; చెక్క బరువుగా నున్నంతవఱకుఁ బట్టు కుదురును. వంపుగల యులిని పోఁగుల కడ్డముగా నడపవలెను. తరువాత వెలుపలిభాగము. గుంటవైపునుండియుఁ బిడివైపునుండియు మెడవఱకే కత్తి దిగవలెను. మెడ దాఁటినచోఁ గత్తి పోఁగులలోఁ జొచ్చి చెక్కను జీల్చివేయును. గుంట మందమును వ్రేళ్లతోఁ దడవి సరిచూచి, గరిటెను నీడయందు మెల్లఁగా నాఱనీయవలెను. ఎండలో వేగిరపెట్టినది పగులును.

దృష్టప్రయోజనము లభించుచుండఁగా నదృష్టమును గల్పింపరాదని మీమాంసకుల న్యాయము. దానినిబట్టి త్వక్తోబిలనియమమునకు దృష్టప్రయోజనము గలదనవచ్చును. మూలదండనియమమునకు మాత్రము పనియం దట్టి ప్రయోజనము కానరాదు. చెట్టు పెరిగిన దిశనే హవిస్సు సాఁగవలెనను భావన దానికి మూలమై యుండవచ్చును. రెండును నొకేసూత్రమునఁ జేరినను రెండింటి స్వభావము వేఱు. ఒకటి వడ్రంగినుండి యాజ్ఞికుఁడు గ్రహించినది. రెండవది యాజ్ఞికుఁడు వడ్రంగికి విధించినది. ధాన్యమును దంచుటయందువలెనే దృష్టప్రయోజనమున్నను నియమాదృష్ట ముండవచ్చుఁ గాన నీ వివేచనమువలన విధిగౌరవమునకు లోపము లేదు.

వడ్రంగికిఁ బ్రాచీనులు విద్యలోఁ దావు నిచ్చిరనుటకుఁ బాణినీయమే సాక్ష్యము. 5-4-95వ సూత్రమున గ్రామతక్షుఁడు, కౌటతక్షుఁడు అను రూపములు సాధింపఁబడినవి. గ్రామమున నందఱికిని బనిచేయువాఁడు మొదటివాఁడు. తన కుటియందు స్వతంత్రుఁడై జీవించువాఁడు రెండవవాఁడు. కౌటతక్షుని వంటి స్వతంత్రజీవనము నెల్లూరు జిల్లా ఉదయగిరియందుఁ గాననగును. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతినుండి గైకొన్న దుర్గము గల యా యూర, చుట్టుపట్ల కొండకొయ్యతో నేఁడును గరిటెలు, చెంచాలు చెక్కుచున్నారు. ఆ శిల్పమునకు భౌగోళికసూచికయు లభించినది.

కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవును గాని, శబ్దము కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోఁడని పతంజలి పస్పశాహ్నికమునఁ జెప్పియున్నాఁడు. శబ్దము లోకసిద్ధ మనుట యందలి తాత్పర్యము. త్వక్తోబిలశబ్దమునకు విగ్రహమును వ్యాకరణ మీయఁగలదు. బెరడువైపేదో, ఆ వైపే యేలనో చూపుటకు లోకమున వడ్రంగియే కావలెను. శ్రౌతసూత్రములను బోధించు పాఠశాలలలో స్రువ మొకటి, చీల్చిన దుంగ యొకటి బల్లపై నున్నచో నీ రెండుపదముల బోధ క్షణకాలమున ముగియును. లేనిచో నెన్ని దినములు చెప్పినను శంక మిగిలియుండును.