హాలోవీన్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఏటా అక్టోబర్ 31న అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్‌లలో హాలోవీన్ జరుపుతారు. అక్కడ స్థిరపడ్డ మన కుటుంబాల పిల్లలు స్కూలు నుంచి వచ్చి, "అమ్మీ, నేనూ వేషం వేసుకోనా?" అని అడుగుతారు. జవాబు చెప్పేముందు దీని చరిత్ర తెలుసుకోవడం మంచిది.

కెల్టిక్ మూలం: ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలోని కెల్టిక్ ప్రజల పాత పండుగ 'సౌవిన్'. కోతలు ముగిసి, పశువులను మేత కొండల నుంచి ఇళ్లకు తోలుకొచ్చి, చలికాలంలో అడుగుపెట్టే సమయమది. ఆ రాత్రి చనిపోయినవారి ఆత్మలు, కంటికి కనబడని శక్తులు ఈ లోకంలోకి వస్తాయని నమ్మేవారు. పెద్ద పెద్ద మంటలు వేసేవారు. ఈ వివరాలు ఎక్కువగా తర్వాతి కాలపు ఐరిష్ రాతల్లోనే దొరుకుతాయి. సౌవిన్ అంటే మృత్యుదేవుడని వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం నిజం కాదు. అది పండుగ పేరే. 'వేసవి ముగింపు' అని దానికి అర్థం చెబుతారు.

చర్చి పాత్ర: 9వ శతాబ్దంలో నవంబర్ 1 సకల పునీతుల పండుగగా స్థిరపడింది. దాని ముందురోజు సాయంత్రానికి ఉన్న ఇంగ్లీషు పేరే వాడుకలో 'హాలోవీన్' అయ్యింది. సౌవిన్ కోసమే ఆ తేదీ ఎంచుకున్నారా అన్నదానిపై చరిత్రకారులు ఒక్కమాట మీద లేరు.

అమెరికా రూపం: 1845లో మొదలైన ఆలుగడ్డ కరువుతో లక్షలాది ఐరిష్‌వారు అమెరికా వలసవెళ్లారు. ఐర్లాండ్‌లో షల్గం దుంపలు తొలిచి దీపాలు చేసేవారు. అమెరికాలో ఆ స్థానం గుమ్మడికాయకు దక్కింది. తర్వాత మిఠాయిల, వేషాల వ్యాపారం తోడైంది.

పిల్లలకు ఊరికే "వద్దు" అంటే సరిపోదు. ఈ కథంతా చెప్పి, మీ ఇంటి నిర్ణయం ఏమిటో, ఎందుకో వివరించండి.