దొస్తొయెవ్‌స్కీని కాపాడిన రసీదు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫైళ్లు చదవడంతోనే సరిపోయింది. పదవీ విరమణ తరువాత తీరిక చిక్కి రష్యన్ రచయితల జీవిత చరిత్రలు చదవడం మొదలుపెట్టాను. మన తరం వారికి రష్యా పుస్తకాలు కొత్త కాదు. సోవియట్ యూనియన్ ఉన్న రోజుల్లో, మాస్కోలో తెలుగులోనే అచ్చయిన పుస్తకాలు విశాలాంధ్ర షాపుల్లో కారుచవకగా దొరికేవి. అప్పట్లో కథలూ నవలలూ చదివి ఊరుకున్నాం. రాసినవారి బతుకులు ఇప్పుడు చదువుతుంటే, వాటిలో మనలాంటి గుమాస్తాల పనికి కూడా చోటున్నదని తెలిసింది. ఒక ఉదాహరణ మనవి చేస్తాను.

1864లో దొస్తొయెవ్‌స్కీ అన్నగారు మిహయీల్ కన్నుమూశాడు. ఆయన నడిపిన పత్రిక అప్పులు తమ్ముడి నెత్తిన పడ్డాయి. ఋణదాతల ఒత్తిడికి తట్టుకోలేక 1865లో స్తెల్లోవ్‌స్కీ అనే ప్రచురణకర్తతో 3,000 రూబుళ్లకు ఒప్పందం రాసుకున్నాడు. షరతు దారుణమైనది. 1866 నవంబరు 1 నాటికి కొత్త నవల ఒకటి అందజేయాలి. లేకుంటే తొమ్మిదేళ్లపాటు ఆయన ఏది రాసినా స్తెల్లోవ్‌స్కీ పైసా ఇవ్వకుండా అచ్చువేసుకోవచ్చు!

ఆ ఏడాదంతా 'నేరము - శిక్ష' రాయడంలోనే గడిచింది. అక్టోబరు వచ్చినా కొత్త నవల ఒక్క పేజీ లేదు. తలా కొంత రాసిపెడతామని మిత్రులు ముందుకొచ్చారు. ఇతరుల రాతకింద తన సంతకం పెట్టనన్నాడు. అప్పుడు ఒక మిత్రుడు షార్ట్‌హ్యాండ్ తెలిసిన వారిని పెట్టుకోమని సలహా ఇచ్చాడు.

అలా వచ్చిన అమ్మాయి ఆన్నా స్నీత్కినా. వయసు ఇరవై. ఆ ఏడే తండ్రి పోయాడు. షార్ట్‌హ్యాండ్ తరగతిలో చదువుతోంది. పనికి కూలి 50 రూబుళ్లు. అక్టోబరు 4న మొదలుపెట్టారు. ఆయన పగలు డిక్టేషన్ చెప్పేవాడు. ఆమె ఇంటికి వెళ్లి రాత్రి సాఫు ప్రతి రాసి మర్నాడు తెచ్చేది. 26 రోజుల్లో 'జూదరి' నవల పూర్తయింది.

గడువు రోజున నవల పట్టుకు వెళితే స్తెల్లోవ్‌స్కీ ఊళ్లో లేడన్నారు. ఆఫీసులో మేనేజరు, తీసుకునే అధికారం నాకు లేదన్నాడు. చివరికి రాత్రి పది దాటాక, గడువు ముగియడానికి రెండు గంటల ముందు, పోలీసు ఠాణాలో అధికారికి రాతప్రతి అప్పగించి రసీదు పుచ్చుకున్నాడు. ఆ కాగితం ముక్కే తొమ్మిదేళ్ల బానిసత్వాన్ని తప్పించింది.

ఇది చదివినప్పుడు నా పెన్షను కాగితాలు గుర్తొచ్చాయి. ఒక కార్యాలయంలో అవి అసలు అందనే లేదన్నారు. ఇన్‌వార్డు నంబరు వేసి ముద్ర కొట్టిన నకలు చూపించాక బీరువాలోంచి బయటికి వచ్చాయి. ఆ నకలు భద్రంగా దాచింది నేను కాదు, మా ఆవిడ.

ఆన్నా కూడా అటువంటి ఇల్లాలే. 1867లో వారి వివాహం జరిగింది. ఋణదాతల భయంతో నాలుగేళ్లు విదేశాల్లో గడిపారు. ఆయన జూదం పిచ్చికి ఆమె నగలు తాకట్టుకు పోయాయి. 1871లో ఆయన జూదం మానాడు. 1873 నుంచి భర్త పుస్తకాలను ఆమే ఇంటి దగ్గర అచ్చువేయించి అమ్మింది. కాగితం ధర, అచ్చు ఖర్చు, షాపులవారి కమీషను అన్నీ కనుక్కొని లెక్కలు రాసింది. 1881లో ఆయన మరణించేనాటికి పాత అప్పులు తీరాయి. చివరి నవల 'కరమజోవ్ సోదరులు' ఆయన ఆమెకే అంకితమిచ్చాడు.

అరవై అయిదవ యేట, 1911లో, ఆమె తన జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టింది. 1918లో యాల్టాలో మరణించింది. పుస్తకం 1925లో గాని వెలుగు చూడలేదు. ఆ 26 రోజుల సంగతి, ఆ రసీదు సంగతి ఇంత వివరంగా మనకు తెలిసింది అందువల్లనే.

కనుక సభ్యులకు నా విన్నపం. జీవిత చరిత్రలు చదవండి. మీరు చూసినవి, మీ ఇంట్లోవారు మోసినవి నాలుగు పేజీలైనా రాసిపెట్టండి. అరవై అయిదు దాటిందని వెనుకాడవద్దు.