పాకం - ఒక తీపి విద్య చరిత్ర

తెలుగులో "పాకం" అన్న మాటకు ఉన్న విస్తృతి గమనింపదగినది. వంటయింట్లో అది పొయ్యిమీద పదునుకు వచ్చిన బెల్లం. కావ్యశాస్త్రంలో అది ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం. లోకవ్యవహారంలో ఒక పని కొలిక్కి వస్తే "పాకాన పడింది" అంటారు. రుచిని, రచనను, కార్యసిద్ధిని ఒకే మాటతో చెప్పుకొన్న ప్రజల జీవితంలో ఆ విద్యకు ఎంతటి స్థానమున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

చెరకురసాన్ని కాచి తీపిని నిలవచేయడం భారతీయులకు అతి ప్రాచీన కాలం నుంచి తెలుసు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని తీపి పదార్థాలను వేరువేరుగా పేర్కొన్నది. వీటిలో "శర్కర" పారశీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు వెళ్లి "షుగర్" అయింది. "ఖండం" అదే దారిలో "క్యాండీ" అయింది. ఐరోపావారు పంచదారను నీరు లేకుండా సుమారు 160 - 170 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, గోధుమవన్నెకు తెచ్చి, దానిని "కారమెల్" అన్నారు. ఆ వేడిలో చక్కెర విచ్ఛిన్నమై కొత్త రంగు, కొత్త సువాసన, కొద్దిపాటి చేదు పుడతాయి. నేడు కోలా పానీయాలకు ముదురు రంగునిచ్చేది కూడా ఈ పదార్థమే.

తెలుగు ఇల్లాలు ఉష్ణమాపకం లేకుండానే వేడిని కొలిచింది. వేళ్ల మధ్య సాగితే తీగపాకం. చన్నీళ్లలో వేసిన చుక్క మెత్తగా ఉండకడితే ఉండపాకం, అది అరిసెలకు తగినది. చుక్క గట్టిపడి పళ్లెంమీద ఖంగుమంటే ముదురుపాకం, అది వేరుశెనగ అచ్చులకు తగినది. బడి ముందర పిల్లలు కొనుక్కొన్న కమ్మరకట్టు కొబ్బరి, బెల్లం కలిసి ముదిరిన పాకమే. దానిని మన దేశపు కారమెల్ అనడం అతిశయోక్తి కాదు. గానుగసున్నంలో కరక్కాయ నీటితోపాటు బెల్లపు నీరు కలిపి గోడలు కట్టిన పద్ధతిని బట్టి బెల్లం ఉపయోగం వంటయింటితో ఆగలేదని తెలుస్తుంది.

తెలుగునాట ఈ విద్యకు ఆధారం చెరకుసీమలు. బెల్లపు విపణికి పేరెన్నికగన్న అనకాపల్లిలో 1913లోనే చెరకు పరిశోధనా కేంద్రం వెలసింది. బెల్లపు పాకంతో చేసే బందరు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

బెంగుళూరు తెలుగువారికి బెల్లమిచ్చిన సీమ మండ్య. 1911లో ఆరంభమైన కృష్ణరాజసాగర నిర్మాణం, దాని కాలువలు అక్కడి మెట్టభూములను చెరకుతోటలుగా మార్చాయి. 1933లో మైసూరు షుగర్ కంపెనీ అక్కడే ఏర్పడింది. ఆ ఆనకట్టకు సూత్రధారి అయిన విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు తెలుగునాటి మోక్షగుండం గ్రామానిదే.

నగరంలో కార్తీకమాసపు చివరి సోమవారంనాడు బసవనగుడిలో కడలెకాయ పరిషె జరుగుతుంది. కర్ణాటక రైతులతోపాటు ఆంధ్ర, తమిళ ప్రాంతాలవారూ అక్కడికి వేరుశెనగ తెచ్చి అమ్ముతారు. సంక్రాంతికి కన్నడిగులు పంచే ఎళ్ళుబెల్లంలో అదే వేరుశెనగ, నువ్వులు, బెల్లం కలుస్తాయి. చెక్క అచ్చుల్లో పోసిన చక్కెరపాకం చిలుకలుగా, పూలుగా రూపుదాల్చుతుంది. 1809లో ఏర్పడిన దండు ప్రాంతం వల్ల వేరొక సంప్రదాయమూ వచ్చింది. క్రిస్మస్ కేకుకు నల్లని వన్నె తెచ్చేందుకు అక్కడివారు మాడ్చిన చక్కెరను వాడతారు. కోస్తావారి అరిసెను చిత్తూరు వైపు కజ్జాయమంటారు. కన్నడంలోనూ అది కజ్జాయమే. సరిహద్దు గీతలు పాలకులు గీసినవి; వంటయిళ్లు వాటిని ఎన్నడూ పాటించలేదు.

అయితే ఈ విద్యలో అధికభాగం ఏ గ్రంథానికీ ఎక్కలేదు. అది చేతిలో, కంటిలో, మాటలో నిలిచి తల్లి నుంచి బిడ్డకు అందింది. నేడు అరిసెలు, అచ్చులు పొట్లాలలో దొరుకుతున్నాయి. తినుబండారానికి లోటు లేదు. లోటు వస్తున్నది తీగ, ఉండ, ముదురు అన్న మాటలకే. చేసేవారు లేనిచోట ఆ పేర్లు పలికేవారూ ఉండరు. పరభాషా నగరంలో తెలుగు నేర్పే పాఠశాలకు ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో అవ్వలను అడిగి ఈ మాటలను, వాటి వెనుక ఉన్న పద్ధతులను పిల్లలు తమ నోటుపుస్తకాలలో వ్రాసుకొనగలిగితే, పాఠ్యపుస్తకాలలో చోటు దొరకని ఒక చరిత్ర నిలుస్తుంది. ఆ మాటలు తెలిసిన అవ్వలు నేటికీ ఉన్నారు కనుక ఈ పనికి ఇదే అదను.