మన యిండ్లలో తేనీరు

నేడు మన దేశమున అతిథి గడప త్రొక్కిన కొంతసేపటిలో వాని చేతికి తేనీటి గ్లాసు రాకున్నచో ఆ యింటివారికి మర్యాద తెలియదని లోకులు తలంచుచున్నారు. పెండ్లిచూపులకును, పంచాయతులకును, తుదకు పరామర్శకు వచ్చిన బంధువులకును అదియే సత్కారము. ఈ యాచారము తాతముత్తాతలనాటిదని నమ్మువారు మాకు తఱచుగా కానవచ్చుచున్నారు. మన ముత్తవ్వలు వచ్చినవారికి కాళ్లకు నీళ్లిచ్చి, దాహమునకు మజ్జిగ యిచ్చెడివారు. ప్రొద్దుట చద్దియన్నమో, తరవాణియో, అంబలియో కడుపులో పడెడిది. తేయాకు పేరైనను వారిలో ననేకులు వినియుండలేదు. సామాన్యుల యిండ్లలో నిది నిత్యావసరమగుట 20వ శతాబ్దపు కథ. పల్లెలలో పెక్కుచోట్ల ఆ శతాబ్దపు రెండవ సగపు కథ. ఇంత స్వల్పకాలములో పొయ్యి నాక్రమించుకొన్న యీ యాకు ఏ త్రోవను వచ్చినదో విచారించుట యవసరము. ఆ త్రోవ అంత నిర్మలమైనది కాదు.

దీని పుట్టినిల్లు చీనాదేశమని లోకప్రసిద్ధము. తాంగ్ వంశపు ప్రభువుల కాలమున, 8వ శతాబ్దమునందు, లూ యూ అను పండితుడు తేయాకునుగూర్చి ప్రత్యేకముగా ‘చా జింగ్’ అను గ్రంథమునే రచించెను. ఆ నాడు ఆకును ఆవిరిపై నుడికించి, దంచి, బిళ్లలుగా నద్ది, కాల్చి, పొడిచేసి నీటిలో కాచుచుండిరి. అందులో అల్లము, ఉల్లి, నారింజ తొక్క మున్నగునవి వేయు జనులను లూ యూ మిక్కిలి తృణీకరించెను. మన యల్లపు తేనీటిని చూచిన నాతడేమనునో! తరువాతి సోంగ్ రాజులనాట మెత్తని పొడిని వేడినీటిలో నురుగు వచ్చువఱకు చిలికి త్రాగిరి. 1391లో మింగ్ వంశస్థాపకుడైన చక్రవర్తి బిళ్లల రూపమున కప్పము తేవలదనియు, విడి యాకునే తేవలయుననియు శాసించిన పిదప, ఆకును వేడినీట నానవేసి వడకట్టుకొను పద్ధతి స్థిరపడినది. నేడు లోకమున నెక్కువమంది యెఱిగిన పద్ధతి యిదియే.

పేరునుగూర్చి యొక మాట. ‘తేనీరు’ అనగా తేనెవంటి నీరని కొందఱు ముచ్చటపడి చెప్పుదురు. అది సరికాదు. చీనాలోని అమోయ్ రేవు ప్రాంతమున దీనిని ‘తే’ యందురు. డచ్చి వర్తకు లా మాటను ఓడలమీద ఐరోపాకు చేర్చిరి. ఇంగ్లీషువారి ‘టీ’యు, మన ‘తేయాకు’లోని ‘తే’యు ఆ సముద్రమార్గమువే. చీనాలోని తక్కిన ప్రాంతములలో నెక్కువగా పలుకు ‘చా’ యనుమాట మధ్య ఆసియా మీదుగా నేలదారిని పారసీకమునకు వచ్చి ‘చాయ్’ అయి, ఉర్దూ మూలమున తెలంగాణమును చేరినది. కావున కోస్తాలో టీ యడిగినవాడును, హైదరాబాదులో చాయ్ అడిగినవాడును తెలియకయే రెండు వర్తకమార్గములను స్మరించుచున్నారు.

ఇంగ్లీషువారు ఈ పానీయమునకు దాసులైన తరువాతనే మన దేశమున కిందలి కష్టసుఖములు తగిలినవి. చీనావారు తేయాకునకు వెండి యడిగిరి. ఆ వెండి వ్యయమును తప్పించుకొనుటకు ఇంగ్లీషువారు మన దేశమున పండించిన నల్లమందు చీనాకు పోవునట్లు చేసిరి. దాని ఫలమే 1839 మొదలు 1842 వఱకు జరిగిన యుద్ధము. 1833 నాటి చట్టముచే చీనా వర్తకమున కుంపిణీ గుత్తాధిపత్యము తొలగినది. అప్పుడు మన దేశముననే తేయాకును పండింపవచ్చునా యని 1834లో బెంటింకు ప్రభువు ఒక సంఘమును నియమించెను. వారు చీనానుండి విత్తులు తెప్పించుటలో మునిగియుండగా, అస్సాములోని సింగ్‌ఫో జనులు తమ యడవులలోని తేయాకును కాల్చి, వెదురుబొంగులలో కూరి, పొగకు పెట్టి త్రాగుచునే యుండిరి! రాబర్టు బ్రూసు అను వర్తకునకు 1823లో ఆ మొక్కల జాడ తెలియజేసినవారు వారును, మణిరామ్ దివానును. ఈ మణిరామ్ తరువాత స్వయముగా తోటలు వేసెను. 1857 నాటి తిరుగుబాటులో కుట్రచేసెనని 1858 ఫిబ్రవరిలో నాతనిని ఉరితీసిరి. అస్సాము తేయాకు ఎనిమిది పెట్టెలు 1839 జనవరిలో లండనునందు వేలమునకు వచ్చినవి. ఆ యేటనే అస్సాము కంపెనీ పుట్టినది.

తోటలు పెరిగినవి, పనిచేయువారు చాలకపోయిరి. ఛోటానాగపురమునుండియు, మద్రాసు రాజధానిలోని గంజాము, విశాఖపట్టణపు మండలములనుండియు జనులను ఏజంట్లు ఆశపెట్టి తరలించిరి. అందు తెలుగువారును గలరు. వారి సంతతివారు నేటికిని అస్సాము తోటలలో నున్నారు. ఒప్పందము తప్పిన కూలీని నేరస్థునిగా శిక్షించుటకు 1859 నాటి చట్టము వీలిచ్చెను. 1865 నాటి చట్టమైతే పాఱిపోయిన కూలీని వారెంటు లేకయే పట్టుకొను నధికారమును తోటదొరకే యొసగినది. ఆ యధికారము 1908 వఱకు తొలగలేదు. 1921లో చర్‌గోలా లోయలోని వేలకొలది కూలీలు తోటలు విడిచి యింటిదారి పట్టగా, మే నెలలో చాంద్‌పురము స్టేషనునందు రాత్రివేళ గూర్ఖా సిపాయిలచే వారిని కొట్టించిరి. దెబ్బలకు తోడు కలరాయు వారిని పీడించెను. దేశచరిత్రములలో ఈ సంగతికి రెండు పంక్తులకంటె నెక్కువ చోటు దొరకుట లేదు. 

ఇంతవఱకును మన దేశము పండించినదే కాని త్రాగినది తక్కువ. 1903లో ఎగుమతియగు తేయాకుపై పన్ను విధించి, ఆ సొమ్ముతో ప్రచారము సాగించు చట్టము పుట్టినది. స్వదేశములోని కోట్లజనులే మంచి గిరాకీ యని తోటదొరలు గ్రహించినప్పుడు ప్రచారకులు మనవైపు తిరిగిరి. మొదటి ప్రపంచయుద్ధకాలమున మిల్లులలోను, గనులలోను టీ దుకాణములు పెట్టించిరి. రైలుస్టేషనులలో దేశభాషలలో తయారీవిధానమును చిత్రములతో సహా పలకలపై వ్రాయించిరి. 1930 తరువాత ఘోషాస్త్రీలకు నేర్పుటకు స్త్రీలనే యిండ్లకు పంపిరి. అలవాటు పడువఱకు ఉచితము, పిదప వెల! మన దుకాణదారులు మాత్రము ఆ పాఠమును వినలేదు. ఆకు తగ్గించి, పాలు, చక్కెర, యాలకులు పెంచి తమ త్రోవ తాము చూచుకొనిరి. ప్రచారకుల కది రుచింపలేదు. 1930 ప్రాంతమున అస్సాములో పుట్టిన సి.టి.సి. యంత్రము ఆకును నలిపి గుండ్రని పలుకులుగా చేయనారంభించినది. కొంచెము పొడితో చిక్కని రంగు వచ్చుటచే రానురాను బీదవాని గిన్నెలోనికిని టీపొడి చేరినది.

దీనిని ఎదిరించినవారు లేకపోలేదు. రసాయనశాస్త్రజ్ఞుడైన ప్రఫుల్లచంద్ర రాయ్ గారు తేయాకును ఘాటుగా నిరసించిరి. గాంధీమహాత్ముడు తన ఆరోగ్యగ్రంథమునందు దీనిలోని టానినునుగూర్చి హెచ్చరించెను. విషమన్నంతటి దోషము మితముగా త్రాగు తేనీటియందు లేదని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఆహారమునకు బదులుగా దీనిని త్రాగుటనుగూర్చి వారు పడిన భయము మాత్రము నిజమైనది. ఆకలి నణచుటకు గ్లాసెడు టీ త్రాగి కూలికి పోవువారిని ఏ యూరనైనను చూడవచ్చును.

అన్ని కులములవారిని ఒకచోట కూర్చుండబెట్టినది టీ హోటలే యని పలువురు కొనియాడుదురు. పట్టణములలో, ముఖ్యముగా హైదరాబాదునందు ఇరానునుండి వచ్చినవారు పెట్టిన హోటళ్లలో, ఈ మాట చాలవఱకు నిజము. పల్లెలలో జరిగినది వేఱు. దళితులకు ప్రత్యేకముగా గ్లాసులుంచి, వారిచేతనే కడిగించి, దూరముగా బోర్లించు రెండు గ్లాసుల పద్ధతి ఈ టీకొట్లలోనే పుట్టినది. అస్పృశ్యత 1950లో రాజ్యాంగముచే రద్దయి, 1955లో శిక్షార్హమయిన తరువాతను అది సాగినది. దళితులు పోరాడి పెక్కుచోట్ల మాన్పించిరి. మాని, మన వంటయింటి కిటికీలో నిలిచినది! పనిమనిషికని విడిగా పెట్టిన అంచు సొట్టపడిన గ్లాసు చదువుకొన్నవారి యిండ్లలోను మేము చూచియున్నాము. కారణమడిగిన ‘శుభ్రత’ యందురు. ఆ యింటి గిన్నెలన్నియు తోమునది ఆమెయే గదా!

ఇక తయారీ. పచ్చదియైనను నల్లదియైనను మొక్క యొక్కటియే. కోసిన ఆకును వెంటనే వేడిచేసి మాఱకుండ నిలిపిన పచ్చది, నలిపి గాలికి రంగు మాఱనిచ్చిన నల్లది. గ్రీన్ టీ యని యంగళ్లలో నమ్ము పచ్చ ఆకును మరుగు నీటిలో వేసి, చేదని పారబోయువారు పెక్కురు. నీటిని కాచి కొన్ని నిమిషములు చల్లారనిచ్చి, 75–80 డిగ్రీల వేడిలో రెండు నిమిషములుంచి వడకట్టిన చాలును. డార్జిలింగు ఆకునకు మరుగు నీరు, మూత, మూడు నాలుగు నిమిషములు, పాలక్కఱలేదు. మన నిత్యపు టీపొడికి నీటితో కాచుటయే తగును. అల్లము వేయదలచిన ముందుగా నీటిలో మరుగనిచ్చి పిదప పాలు పోయవలెను. పచ్చి యల్లము తగిలిన పాలు విఱుగుట కలదు. ఇరానీ చాయ్ కొఱకు డికాషనును మూసినగిన్నెలో సన్నని సెగపై నుంచి, పాలను వేఱుగా చిక్కబడనిచ్చి, గ్లాసులోనే కలుపవలెను. టీపొడిని మసాలాదినుసుల డబ్బాల ప్రక్క పెట్టరాదు. వాని వాసన నిట్టే పట్టును.

శాకాహారమునుండి మన దేహము గ్రహించు ఇనుమును తేనీరు తగ్గించును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 గురికి రక్తహీనత యున్నట్లు తేలినది. కావున భోజనముతో కలిపి త్రాగక, ముందును వెనుకను ఒక్కొక్క గంట విడిచి త్రాగుట మేలు. పాలు లేని తేనీటిలో నిమ్మరసము పిండుకొన్న ఆ దోషము కొంత తగ్గును.