ఎక్కవలసినవాడు ఎక్కని బండి

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఒకటి ఉంది. 1912 నాటి సిల్వర్ గోస్ట్. పైభాగం కట్టింది ఇంగ్లండులోని బార్కర్ కంపెనీ. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఊరేగే ప్రభువు జనానికి కనిపించాలి కదా! ఆ ప్రభువులు పోయారు, బండి మిగిలింది. దాని కథ చావుతోనే మొదలవుతుంది.

తన కోసం దాన్ని చేయమన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆయన పేరు తలుచుకుంటే పాము విషం దిగుతుందని జనం నమ్మిన ప్రభువు. వేటంటే ప్రాణం, వేడుకంటే ప్రాణం. ఆ బండి ఎక్కి చార్మినార్ చుట్టూ తిరిగి ఉంటే ఊరంతా వెంట నడిచేది. కానీ 1911 ఆగస్టులో, నలభై అయిదేళ్లకే, ఆయన కన్నుమూశాడు. బండి సముద్రం దాటి వచ్చేసరికి మక్కా మసీదు ఆవరణలో నిద్రపోతున్నాడు.

అది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన మహా ధనవంతుడు, పాత షేర్వానీతోనే రోజులు గడిపిన పొదుపరి. సింహాసనపు బండి పండగలకూ పబ్బాలకూ తప్ప గడప దాటేది కాదు. అదే జాతి బండి 1907లో లండన్, గ్లాస్గోల మధ్య 14 వేల మైళ్లకు పైగా, చెడిపోయి ఆగడమన్నది లేకుండా తిరిగి పేరు తెచ్చుకుంది. దాని తోబుట్టువుకు హైదరాబాదులో దక్కింది నీడపట్టున నిలబడటమే. 1948 సెప్టెంబరులో రాజ్యం పోయింది. ఊరేగడానికి ఇక ఊరే తనది కాదు.

ఉస్మాన్ అలీ ఖాన్ తన కొడుకును కాదని మనవణ్ని వారసుడిగా ఎంచుకున్నాడు. 1967లో ఆ మనవడు ముకర్రం జా, పేరుకే మిగిలిన గద్దెనెక్కాడు. అయ్యో, కథ తిరిగితే ఇక్కడే తిరగాలి! ఇంజన్ విప్పి బిగించడమంటే ముకర్రంకు పిచ్చి ప్రేమ. నాలుగు తరాల్లో ఆ బండి గుండె చప్పుడు తెలిసినవాడు అతనొక్కడే. కానీ నెత్తి మీద వేలమంది ఆశ్రితులు, బంధువుల వ్యాజ్యాలు, పన్నులు. 1971లో బిరుదులూ రాజభరణాలూ రద్దయ్యాయి. ఆయన పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల క్షేత్రం కొన్నాడు. అక్కడ బుల్డోజర్లు నడిపాడు, యంత్రాల కింద దూరి చేతులకు గ్రీజు పూసుకున్నాడు. ఇక్కడ ముత్తాత బండికి దుమ్ము పట్టింది. ఆ గ్రీజు చేతులు ఒక్కసారి దాని మీద పడి ఉంటే!

ఆస్ట్రేలియా ఆస్తీ నిలవలేదు. ముకర్రం టర్కీలో చిన్న ఇంట్లో చివరి రోజులు గడిపాడు. ప్యాలెస్‌ను బాగుచేయించే పని ఆయన మొదటి భార్య ఎస్రా తలకెత్తుకుంది. బండికీ మళ్లీ రంగు తేలింది, మెరుపు వచ్చింది. కానీ అప్పటికది చూసే వస్తువైపోయింది.

తరతరాలకూ అది ఆస్తిగా అందింది, అలవాటుగా అందలేదు. కాపాడటమంటే దాచిపెట్టడమనుకోవడమే ఆ ఇంటి దురదృష్టం. మీ ఇంట్లో తాతగారి బండి ఏదైనా ఉంటే, అది స్కూటరైనా సరే, ఈ ఆదివారం బయటికి తియ్యండి. పిల్లల్ని ఎక్కించుకుని వీధి చివరిదాకా వెళ్లిరండి. ఆ ఇంటికి మాత్రం ఆ వేళ దాటిపోయింది. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోయిన ముకర్రం జాను తెచ్చి మక్కా మసీదులోనే ఖననం చేశారు. బండిని కోరుకున్నవాడూ, దాన్ని నడిపించగలిగినవాడూ ఇప్పుడు ఒకే ఆవరణలో ఉన్నారు.